స్టాటిక్ కంప్రెషన్ రేషియో: ఒకే ఇంజిన్‌కి ఒకచోట 8.9, ఇంకోచోట 10.4. ఏది నిజం?

బోర్81న్నర
నాలుగు సిలిండర్ల ట్విన్ క్యామ్ ఇంజిన్ ఒకటి సొంతంగా కడుతున్నాను. బోర్ (సిలిండర్ అడ్డకొలత) 81 నుంచి 81.5 మి.మీ.కి చేయించాను, స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) పాతదే, 77. హెడ్ చాంబర్ 38.6 సీసీ అని మెషిన్ షాప్‌లో కొలిచి ఇచ్చారు. గ్యాస్కెట్ మందం 1.2, దాని రంధ్రం 82.5. టీడీసీలో, అంటే అన్నిటికంటే పైకొచ్చినప్పుడు, పిస్టన్ బ్లాక్ పైమట్టానికి 0.35 మి.మీ. కిందే ఆగుతోంది. పిస్టన్ కేటలాగ్‌లో మాత్రం "వాల్యూమ్ −4 సీసీ" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఇవే అంకెలు ఒక కాలిక్యులేటర్‌లో వేస్తే రేషియో, అంటే సిలిండర్‌లో మిశ్రమం ఎన్ని రెట్లు కుదించుకుంటుందో చెప్పే అంకె, 10.4 వచ్చింది, ఇంకోదాంట్లో 8.9. పాయింట్ ఒకటో రెండో తేడా అయితే సర్దుకునేవాణ్ణి, ఇది ఏకంగా ఒకటిన్నర. నాకు కావాల్సింది 10.5. హెడ్ బిగించేలోపు తేలకపోతే మళ్ళీ అంతా విప్పాలి, అదే టెన్షన్. ఏ అంకెను నమ్మాలి?

టర్బోపిల్లోడు
రెండూ కలిపి సగం చేసి 9.6 అనుకుంటే పోలా?

స్పానర్‌రాణి
పోదు. రెండిట్లో ఒకటి కరెక్ట్, ఒకటి పూర్తిగా తప్పు. సగటు తీస్తే కరెక్ట్‌గా ఉన్నది కూడా పాడవుతుంది.

సీసీలెక్క
తేడా ఎక్కడుందో మైనస్ గుర్తు చూడగానే తెలుస్తోంది. పిస్టన్ తలమీద గుంట ఉంటే కొందరు తయారీదారులు మైనస్ రాస్తారు, బుడిపె ఉంటే ప్లస్. ఇంకొందరు దీన్ని తిప్పి రాస్తారు, ఎందుకంటే గుంట క్లియరెన్స్ వాల్యూమ్‌ని (పిస్టన్ పైన ఉన్నప్పుడు మిగిలే జాగాని) పెంచుతుంది కాబట్టి వాళ్ళ లెక్కలో అది ప్లస్. కాలిక్యులేటర్లు కూడా అంతే, ఒక్కోటి ఒక్కో పద్ధతి. గుర్తు ఒకటే వేశారు, రెండూ రెండు రకాలుగా అర్థం చేసుకున్నాయి.

చేత్తో వేసి చూద్దాం. ఒక సిలిండర్ స్వెప్ట్ వాల్యూమ్ (పిస్టన్ కదిలే జాగా): 0.7854 × 8.15 × 8.15 × 7.7 = 401.7 సీసీ. సెంటీమీటర్లలో వేస్తే నేరుగా సీసీ వస్తుంది. గ్యాస్కెట్: 0.7854 × 8.25 × 8.25 × 0.12 = 6.41. పిస్టన్ కిందికి ఆగిన ఖాళీ: 52.17 × 0.035 = 1.83. చాంబర్ 38.6. ఇవి మూడూ కలిపితే 46.84.

పిస్టన్‌కి 4 సీసీ గుంట ఉంటే 50.84 అవుతుంది, అప్పుడు రేషియో (401.7 + 50.84) ÷ 50.84 = 8.9. బుడిపె ఉంటే 42.84, అప్పుడు 10.4. మీ రెండు సమాధానాలూ ఇవే. కాలిక్యులేటర్లలో ఏ దోషమూ లేదు. పిస్టన్ మీ చేతిలోనే ఉంది కదా, పైన గుంట ఉందా, బుడిపె ఉందా?

బోర్81న్నర
తల చదునుగా ఉంది, వాల్వుల కోసం నాలుగు పాకెట్లు తవ్వి ఉన్నాయి. బుడిపె ఏమీ లేదు.

సీసీలెక్క
అయితే అది గుంటే. మీ ఇంజిన్ ఇప్పుడున్నట్టు బిగిస్తే 8.9.

బోర్81న్నర
10.5 కావాలనుకుంటే 8.9 చేతికొచ్చింది. పిస్టన్‌లు అమ్మినాయన "ఇవి హై కంప్రెషన్" అని చెప్పి ఇచ్చాడు.

లేత్‌మాస్టారు
"హై కంప్రెషన్ పిస్టన్" అన్న మాటే తప్పుదారి పట్టిస్తుంది బాబూ. పిస్టన్‌కి విడిగా రేషియో ఉండదు. పెట్టె మీద 10.5 అని రాసుందంటే ఏ హెడ్‌తో, ఏ గ్యాస్కెట్‌తో, ఏ స్ట్రోక్‌తో అన్నది కూడా రాసుండాలి. అదే పిస్టన్‌ని చిన్న చాంబర్ ఉన్న హెడ్ కింద పెడితే 11 దాటుతుంది, పెద్ద చాంబర్ కింద పెడితే 9కి పడుతుంది. మా దగ్గరికి వచ్చే కస్టమ్ ఇంజిన్లలో సగం గొడవలు దీంతోనే. ఒక బ్లాక్, ఇంకో మోడల్ హెడ్, మూడోచోట కొన్న పిస్టన్ కలిపి బిగిస్తారు, రేషియో మాత్రం పెట్టె మీద చూసి చెప్తారు.

మెకానికల్_మూడోఏడు
చిన్న డౌట్. మా పుస్తకంలో స్వెప్ట్‌ని క్లియరెన్స్‌తో భాగించి ఒకటి కలపమని ఉంది. పైన సీసీలెక్క గారు వేరేలా వేశారు. రెండూ ఒకటేనా?

సీసీలెక్క
ఒకటే. 401.7 ÷ 50.84 = 7.9, ఒకటి కలిపితే 8.9. పిస్టన్ అడుగున ఉన్నప్పుడు ఉండే మొత్తం జాగాని, పైన ఉన్నప్పుడు మిగిలే జాగాతో భాగించడమే రేషియో. అడుగున ఉన్నప్పుడు స్వెప్ట్ ఒక్కటే ఉండదు, క్లియరెన్స్ కూడా ఉంటుంది, ఆ ఒకటి అక్కడి నుంచే వస్తుంది. దాన్ని వదిలేసి లెక్క వేసి "నా ఇంజిన్ 9.5" అనుకుని, తీరా చూస్తే 10.5 ఉన్న కేసులు నేను చూశాను.

బ్యూరెట్
అందరూ గుర్తు దగ్గరే ఆగిపోయారు. నాకు ఆ 4 సీసీ మీదే నమ్మకం లేదు, 38.6 మీదా లేదు. కేటలాగ్ అంకె డిజైన్ అంకె, మీ చేతిలో ఉన్న ముక్క కాదు. రెండూ సొంతంగా కొలవాలి, అదేం పెద్ద పని కాదు.

పిస్టన్‌కి ఇలా చేయండి. బేరింగ్‌లు, రాడ్, పిస్టన్, పై రింగ్ ఒకటి వేసి బ్లాక్‌లో బిగించండి. డయల్ గేజ్ పెట్టి పిస్టన్ చదును భాగం సరిగ్గా 10.00 మి.మీ. కిందికి వచ్చేలా క్రాంక్ తిప్పండి. పిస్టన్ అంచు చుట్టూ సన్నగా గ్రీజు రాసి ఎక్కువైంది తుడిచేయండి. పైన మధ్యలో రంధ్రమున్న మందపాటి అక్రిలిక్ పలక పెట్టి, దాని కింద కూడా గ్రీజు రాసి, బ్యూరెట్‌తో నింపండి. మీ బోర్‌కి 10 మి.మీ. లోతు అంటే 52.17 సీసీ. ఎంత ఎక్కువ పట్టిందో అంత గుంట. తక్కువ పడితే బుడిపె. ప్లస్సా మైనస్సా అన్న తగువే రాదు.

స్పానర్‌రాణి
దీనికి నాదో మాట. డయల్ గేజ్‌ని పిస్టన్ పిన్ (పిస్టన్‌ని రాడ్‌కి కలిపేది) లైన్‌కి సరిగ్గా పైన పెట్టాలి. పక్కన పెడితే పిస్టన్ ఊగుతుంది, ఒకవైపు నొక్కితే ఒక అంకె, ఇంకోవైపు నొక్కితే ఇంకోటి. ఆ 0.35 కూడా అలా పిన్ మీదే కొలిచారా?

బోర్81న్నర
లేదు, అంచున వెర్నియర్ డెప్త్ పెట్టి చూశాం.

స్పానర్‌రాణి
మళ్ళీ చూడండి. నాలుగు సిలిండర్లూ చూడండి. బ్లాక్ ఒక చివర ఎత్తు, ఇంకో చివర పల్లం ఉండటం మామూలే.

గ్రీజుచేతులు
నింపడానికి ఏం వాడాలి? నేను స్పిరిట్ వాడుతున్నా, గుంటల్లోకి బాగా దిగుతుంది.

బ్యూరెట్
స్పిరిట్ బాగానే దిగుతుంది గానీ అక్రిలిక్‌ని పాడు చేస్తుంది, రంధ్రం చుట్టూ సన్న పగుళ్ళు వస్తాయి. పైగా ఆవిరైపోతుంది. గాజు పలక అయితే ఫరవాలేదు. నేను రంగు నీళ్ళలో ఒక చుక్క డిష్ వాష్ సబ్బు వేస్తాను, తలతన్యత తగ్గి మూలల్లోకి పాకుతుంది, బుడగ నిలవదు. ఇనుప బ్లాక్ అయితే పని కాగానే తుడిచి నూనె రాయాలి, లేకపోతే తెల్లారేసరికి తుప్పు. పలుచటి నూనె వాడితే ఆ బాధ లేదు, కాకపోతే బ్యూరెట్ గోడకి అంటుకుంటుంది కాబట్టి కాసేపు ఆగి రీడింగ్ చూడాలి.

టర్బోపిల్లోడు
బ్యూరెట్ ఎందుకు బ్రో, సిరంజి చాలదా?

బ్యూరెట్
పెద్ద సిరంజి గీతలు సీసీకి ఒకటే ఉంటాయి. ఈ ఇంజిన్‌లో క్లియరెన్స్ 42 సీసీ దగ్గర ఉన్నప్పుడు ఒక్క సీసీ తేడా అంటే రేషియోలో 0.2. 10.5 అనుకున్నది 10.3 అవుతుంది, లేదా 10.7. పదో వంతు గీతలున్న 50 మి.లీ. బ్యూరెట్ అయితే ఆ గొడవ లేదు.

పాతకార్బ్యురేటర్
ఇంత కష్టం ఎందుకు? ఇంజిన్ బిగించి కంప్రెషన్ గేజ్ పెట్టండి, 180 పీఎస్ఐ వచ్చిందనుకోండి, 14.7తో భాగించండి, 12 వస్తుంది. అయిపోయింది.

సీసీలెక్క
మాస్టారూ, ఈ ఒక్కదానికి మాత్రం నేను ఒప్పుకోను. గాలిని కుదిస్తే వేడెక్కుతుంది, ఆ వేడి వల్ల పీడనం వాల్యూమ్ నిష్పత్తి కంటే చాలా ఎక్కువ పెరుగుతుంది. 8 రెట్లు కుదిస్తే, లీకేజీ లేకపోతే, పీడనం 15 రెట్ల దాకా వెళ్ళొచ్చు. మరోపక్క ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకోవడం, రింగ్‌ల లీకు, స్టార్టర్ వేగం, థ్రాటిల్ తెరిచారా లేదా, ఇవన్నీ దాన్ని కిందికి లాగుతాయి. క్యామ్ (వాల్వులని తెరిచి మూసేది) మారిస్తే గేజ్ అంకె మారుతుంది, స్టాటిక్ రేషియో మాత్రం వెంట్రుకంత కూడా మారదు. గేజ్ సిలిండర్ ఆరోగ్యం చూడటానికి, నాలుగింటినీ ఒకదాంతో ఒకటి పోల్చడానికి. రేషియో కనుక్కోవడానికి కాదు.

పాతకార్బ్యురేటర్
సరే, పోల్చడానికే అని ఒప్పుకుంటున్నా. కానీ మా రోజుల్లో హెడ్ బిగించాక ప్లగ్ రంధ్రంలోంచి నూనె నింపి మొత్తం ఒకేసారి కొలిచేవాళ్ళం. చాంబరూ గ్యాస్కెటూ పిస్టనూ విడివిడిగా లెక్కలు లేవు.

బ్యూరెట్
అది మంచి పద్ధతే, చివర్లో సరిచూసుకోవడానికి. అయితే రెండు జాగ్రత్తలు. ఇంజిన్‌ని ప్లగ్ రంధ్రం అన్నిటికంటే పైకి వచ్చేలా వంచాలి, లేకపోతే గాలి బుడగ లోపలే ఉండిపోయి రేషియో ఎక్కువ చూపిస్తుంది. రెండోది, రంధ్రంలో ప్లగ్ మరలు ఎక్కే భాగం మొత్తం నింపేసి ఆ 2, 3 సీసీ కూడా లెక్కలో కలపకూడదు, అక్కడ ప్లగ్ ఉంటుంది కదా. రింగ్‌ల పక్కనుంచి కారుతుంది కాబట్టి తొందరగా కూడా నింపాలి.

సున్నాడెక్
గ్యాస్కెట్ గురించి ఎవరూ అడగలేదేం? 1.2 అంటే నొక్కక ముందా, బిగించాకా? పాత రకం కాంపోజిట్ గ్యాస్కెట్ బోల్టులు బిగిస్తే బాగానే అణుగుతుంది. స్టీల్ పొరలది అంతగా అణగదు. లెక్కకి కావాల్సింది బిగించాక ఉండే మందమే.

బోర్81న్నర
పెట్టె మీద "కంప్రెస్డ్ 1.2" అనే ఉంది. కాంపోజిట్.

సున్నాడెక్
అయితే ఇంకో సమస్య ఉంది. గ్యాస్కెట్ 1.2, పిస్టన్ కిందికి 0.35, కలిపితే స్క్విష్ గ్యాప్ (టీడీసీలో పిస్టన్ అంచుకీ హెడ్‌కీ మధ్య సందు) 1.55. అది చాలా ఎక్కువ. పిస్టన్ అంచు, హెడ్ చదును భాగం దగ్గరికొచ్చి మిశ్రమాన్ని మధ్యకి చిమ్మాలి, అప్పుడే మంట త్వరగా పాకుతుంది, అంచుల్లో మిగిలిన మిశ్రమం తనంతట తాను అంటుకోదు. గ్యాప్ ఇంతుంటే ఆ పని జరగదు, అంచుల్లో మిశ్రమం నిలిచి, తనంతట తాను అంటుకుని నాకింగ్‌కి దారి తీస్తుంది. స్టీల్ రాడ్‌లున్న ఇలాంటి ఇంజిన్‌కి 0.9 నుంచి 1.0 దగ్గర పెట్టుకుంటే బాగుంటుంది. రేషియో పెంచాలంటే మొదట అక్కడ మొదలుపెట్టండి, హెడ్ దగ్గర కాదు.

గ్రీజుచేతులు
సున్నాడెక్ అన్నా, ఆ గ్యాప్ బిగించాక ఎలా చూస్తారు?

సున్నాడెక్
పిస్టన్ మీద, పిన్ లైన్ వెంబడి రెండు చివర్లా మెత్తటి సోల్డర్ తీగ ముక్కలు గ్రీజుతో అతికించి, హెడ్ బిగించి, చేత్తో ఒక చుట్టు తిప్పి విప్పితే నొక్కుకున్న తీగ మందమే గ్యాప్. మైక్రోమీటర్‌తో కొలవండి.

బ్యూరెట్
గ్యాస్కెట్ రంధ్రం గురించి కూడా. చాలా గ్యాస్కెట్లలో అది నిండు గుండ్రంగా ఉండదు, వాల్వుల దగ్గర ఒదిగి ఉంటుంది. గ్రాఫ్ కాగితం మీద పెట్టి గీత గీసి గళ్ళు లెక్కపెట్టండి, వైశాల్యం దొరుకుతుంది. దాన్ని బిగించాక ఉండే మందంతో గుణిస్తే చాలు. బోర్ అంకెనే గ్యాస్కెట్‌కీ వాడేస్తే రేషియో ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది.

మెకానికల్_మూడోఏడు
పై రింగ్‌కి పైన పిస్టన్ చుట్టూ సన్నటి సందు ఉంటుంది కదా, అది లెక్కలోకి రాదా? దాన్ని గ్రీజుతో మూసేయమన్నారు మరి.

సీసీలెక్క
వస్తుంది, మంచి ప్రశ్న. కొలిచేటప్పుడు మూస్తాం, తర్వాత లెక్కగట్టి కలుపుతాం. పై రింగ్ దాకా 5 మి.మీ. ఎత్తు, ఆ భాగంలో పిస్టన్ 80.9, బోర్ 81.5 అనుకుంటే 0.38 సీసీ. రేషియోలో 0.06 దాకా తగ్గుతుంది.

పాతకార్బ్యురేటర్
ఆ సందులోకి మంట పోదు. అక్కడి మిశ్రమం కాలనే కాలదు. దాన్ని కలపడం అనవసరం అంటాను.

సీసీలెక్క
కాలకపోవచ్చు, కుదించబడటం మాత్రం కుదించబడుతుంది కదా. రేషియో జాగాకి సంబంధించింది, మంటకి కాదు.

పాతకార్బ్యురేటర్
కలుపుకోండి. కంపెనీల బ్రోషర్లలో రేషియోతో పోల్చాలంటే మాత్రం వాళ్ళు కలిపారో లేదో తెలియాలి. నేను కలపను.

లేత్‌మాస్టారు
కలిపినా మానినా, అన్ని ఇంజిన్లకీ ఒకే పద్ధతి పాటించండి. అప్పుడే ఒకదాన్ని ఇంకోదాంతో పోల్చగలరు.

బోర్81న్నర
అన్నీ మళ్ళీ కొలిచాను. పిస్టన్ 10 మి.మీ. కింద పెట్టి నింపితే 56.3 పట్టింది, అంటే గుంట 4.1. పిన్ మీద డయల్ పెడితే పిస్టన్ 0.35 కిందే, నాలుగింట్లోనూ దాదాపు అదే. చాంబర్లు మాత్రం 38.4, 38.6, 38.6, 39.3. షాప్‌లో ఒక్కదాన్నే కొలిచి నాలుగింటికీ రాసినట్టుంది.

బ్యూరెట్
ఆ నాలుగోది చూడండి, ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు లోపలికి దిగి ఉంటుంది. సీటు ఎక్కువ కోస్తే వాల్వ్ లోపలికి పోయి చాంబర్ పెరుగుతుంది. కొలిచేటప్పుడు ఈ ఇంజిన్‌లో వాడబోయే స్పార్క్ ప్లగ్‌నే బిగించారు కదా? ప్లగ్ మార్చినా అంకె మారుతుంది.

బోర్81న్నర
ప్లగ్ అదే. నాలుగో దాంట్లో ఎగ్జాస్ట్ వాల్వ్ నిజంగానే లోపలికి ఉంది.

సీసీలెక్క
ఇప్పుడు అసలు అంకె: 38.6 + 6.41 + 1.83 + 4.1 + 0.38 = 51.32. రేషియో 8.83. నాలుగో సిలిండర్‌కి ఇంకా తక్కువ.

ఇక ముందునుంచి కాకుండా వెనకనుంచి లెక్కేద్దాం. 10.5 కావాలంటే క్లియరెన్స్ ఎంతుండాలి? 401.7 ÷ 9.5 = 42.28. అంటే చాంబర్, గ్యాస్కెట్, పిస్టన్ పైన ఖాళీ, గుంట, రింగ్ సందు అన్నీ కలిపి 42.28 సీసీలో ఇమడాలి. సున్నాడెక్ గారు చెప్పినట్టు స్టీల్ పొరల గ్యాస్కెట్ 0.8 వేసి, బ్లాక్ పైన 0.25 ఫేసింగ్ (పైమట్టం కోయడం) చేయిస్తే పిస్టన్ 0.10 కింద ఉంటుంది, స్క్విష్ 0.90. కొత్త గ్యాస్కెట్ రంధ్రం కూడా 82.5 అనుకుంటే అది 4.28, ఖాళీ 0.52. రింగ్ సందు 0.4 అనుకుందాం. 38.6 + 4.28 + 0.52 + 4.1 + 0.4 = 47.9. రేషియో 9.39. ఇంకా 5.6 సీసీ ఎక్కువుంది.

టర్బోపిల్లోడు
హెడ్ ఫేసింగ్ చేయించేస్తే అయిపోతుందిగా.

లేత్‌మాస్టారు
ఎంత చేయిస్తావ్? చాంబర్ మూతి వైశాల్యం సుమారు 44 చదరపు సెంటీమీటర్లు అనుకో, అర మిల్లీమీటర్ కోస్తే 2.2 సీసీ తగ్గుతుంది. 5.6 తగ్గాలంటే దాదాపు 1.3 మి.మీ. కోయాలి. అంత కోస్తే హెడ్ కింది గోడ పలచబడుతుంది, వేడికి వంగుతుంది. వాల్వులు పిస్టన్‌కి అంత దగ్గరౌతాయి. క్యామ్‌కీ క్రాంక్‌కీ మధ్య దూరం తగ్గి టైమింగ్ వెనక్కి జరుగుతుంది, సరిచేయాలంటే అడ్జస్టబుల్ పుల్లీ కావాలి. చదును చేయడానికి కాస్త కోయడం వేరు, రేషియో కోసం ఇంత కోయడం వేరు. నేనైతే చేయను, చేయమన్నవాళ్ళకీ వద్దనే చెప్తాను.

మూతి వైశాల్యం ఎంతో ఊహించక్కర్లేదు కూడా. చాంబర్ నింపి, పైనుంచి 1 మి.మీ. మట్టం దిగేదాకా తీస్తే ఎన్ని సీసీ వచ్చిందో చూడండి, పదితో గుణిస్తే చదరపు సెంటీమీటర్లు.

గ్రీజుచేతులు
అయితే పిస్టన్ మార్చడమే దారి.

బోర్81న్నర
కొత్తవే ఇవి, ఒక్కసారి కూడా తిరగలేదు. మనసొప్పడం లేదు.

స్పానర్‌రాణి
అసలు 10.5 ఎందుకు? 9.4 దగ్గర ఆపితే నష్టమేంటో ముందు చూడండి. సిద్ధాంతపరంగా ఒట్టో సైకిల్ (పెట్రోల్ ఇంజిన్ ఆదర్శ చక్రం) సామర్థ్యం 8.9 నుంచి 10.5కి వెళ్తే 4, 5 శాతం పెరుగుతుంది. పైకి వెళ్ళేకొద్దీ ఒక్కో పాయింట్‌కి వచ్చే లాభం తగ్గుతూ పోతుంది. రోజూ నడిపే బండి, మామూలు క్యామ్ అయితే 9.4 హాయిగా ఉంటుంది. మీ క్యామ్ ఏది?

బోర్81న్నర
పెద్ద క్యామ్. ఇన్‌టేక్ వాల్వ్ బీడీసీ (పిస్టన్ అడుగుకి చేరే చోటు) దాటాక 60 డిగ్రీలకి మూసుకుంటుంది. రాడ్ పొడవు 122.

స్పానర్‌రాణి
అలాగైతే మాట మారుతుంది, 9.4 చాలదు.

టర్బోపిల్లోడు
ఇదిగో, అందుకే అంటున్నా స్టాటిక్ రేషియో పనికిరాని అంకె, డైనమిక్ (ఇన్‌టేక్ వాల్వ్ మూసుకున్నాక జరిగే కుదింపుని చూసేది) ఒక్కటే అసలైంది అని.

సీసీలెక్క
పనికిరానిదైతే డైనమిక్‌ని దేన్నుంచి లెక్కగడతారు? క్లియరెన్స్ వాల్యూమ్ రెండిటికీ ఒకటే. అది తప్పైతే రెండూ తప్పే.

ఈ ఇంజిన్‌కే చూద్దాం. 60 డిగ్రీలకి వాల్వ్ మూసుకునేసరికి పిస్టన్ అప్పటికే పైకి కొంత వచ్చేసింది. 122 రాడ్‌తో లెక్కేస్తే టీడీసీకి ఇంకా 62.4 మి.మీ. మిగిలుంది, అంటే 325.5 సీసీ. క్లియరెన్స్ 42.3 అయితే డైనమిక్ 8.7. అదే ఇంజిన్‌లో 40 డిగ్రీలకి మూసుకునే చిన్న క్యామ్ వేస్తే 70.5 మి.మీ. మిగులుతుంది, డైనమిక్ 9.7. స్టాటిక్ రెండింట్లోనూ 10.5 నే. పెద్ద క్యామ్ వేసి స్టాటిక్ 9.4 దగ్గర వదిలేస్తే కింది ఆర్‌పీఎంలో ఇంజిన్ నీరసంగా లాగుతుంది, అదీ స్పానర్‌రాణి చెప్పింది. అలాగని డైనమిక్ కూడా జ్యామితి లెక్కే. పై ఆర్‌పీఎంలో లోపలికొచ్చే గాలి తన వేగంతోనే ఇంకా దూరుతూ ఉంటుంది, అది ఈ లెక్కకి అందదు.

టర్బోపిల్లోడు
సరే, రెండూ కావాలి. మరి మాజ్దా స్కైయాక్టివ్‌-జీ 14 పెట్టి అమ్మింది కదా, మనం 10.5 దగ్గర ఎందుకు భయపడాలి?

పాతకార్బ్యురేటర్
అందులో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతారు, ఆవిరయ్యేటప్పుడు లోపలి గాలి చల్లబడుతుంది. పొడవాటి 4-2-1 ఎగ్జాస్ట్ పెట్టి వేడి వాయువులు వెనక్కి రాకుండా చూశారు, పిస్టన్ నడుమ మంట మొదలవడానికి గుంట పెట్టారు, వాల్వ్ టైమింగ్ కంప్యూటర్ మారుస్తూ ఉంటుంది. ఆ 14 ఒక్క అంకె కాదు, ఆ మొత్తం ఏర్పాటు. ఈ తమ్ముడి ఇంజిన్‌లో అవేవీ లేవు.

రేషియోకీ నాకింగ్‌కీ ఉన్న లంకెని బ్రిటిష్ ఇంజినీర్ హ్యారీ రికార్డో 1919లోనే ఈ35 అన్న ఇంజిన్ కట్టి చూపించాడు, నడుస్తుండగానే రేషియో మార్చగలిగే ఇంజిన్ అది. ఇప్పటికీ ఆక్టేన్ కొలిచే సీఎఫ్ఆర్ ఇంజిన్ అదే సూత్రం మీద నడుస్తుంది, సిలిండర్‌ని పైకీ కిందికీ జరిపి 4 నుంచి 18 దాకా రేషియో మారుస్తారు. పెట్రోల్ నాణ్యతని రేషియోతో కొలుస్తున్నారంటే ఈ అంకె ఎంత ముఖ్యమో చూడండి.

మెకానికల్_మూడోఏడు
ఈ35 గురించి తెలియదు, చదువుతాను. థాంక్యూ మాస్టారూ.

బోర్81న్నర
పిస్టన్‌లు మారుస్తున్నాను. ఇవి ఎవరికైనా పనికొస్తే ఇచ్చేస్తాను. తయారీదారుకి ఏ అంకె చెప్పాలి?

సీసీలెక్క
ముందు చాంబర్లు సమానం చేయండి. 39.3 ఉన్నదాన్ని తగ్గించలేరు, మిగతా మూడింటిని వాల్వుల చుట్టూ కాస్త తెరిచి 39.3కి తీసుకురండి, గాలి కూడా బాగా పారుతుంది. అప్పుడు 39.3 + 4.28 + 0.52 + 0.4 = 44.5. కావాల్సింది 42.28. అంటే పాకెట్లు పోగా నికరంగా 2.2 సీసీ బుడిపె ఉన్న పిస్టన్ కావాలి. వాల్యూమ్ 42.3, రేషియో 10.5.

ఆర్డర్‌లో మైనస్, ప్లస్ రాయకండి. "పాకెట్లు తీసేశాక 2.2 సీసీ చాంబర్‌లోకి పొడుచుకురావాలి" అని మాటల్లో రాయండి.

బ్యూరెట్
ఇది బంగారం లాంటి సలహా. అంకె పక్కన మాట లేకపోతే ఈ చర్చ మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది.

సున్నాడెక్
ఇంచుల్లో అడిగే తయారీదారు అయితే అన్ని కొలతలూ ఇంచుల్లోనే ఇవ్వండి, కలపకండి. గ్యాస్కెట్ 0.040 అని రాసుంటే అది ఇంచులు, 1.016 మి.మీ. దాన్ని మి.మీ. అనుకుని వేసినవాళ్ళున్నారు, గ్యాస్కెట్ దాదాపు మాయమై రేషియో అమాంతం పెరిగింది. ఘనపు ఇంచు అంటే 16.387 సీసీ.

స్పానర్‌రాణి
బుడిపె పిస్టన్, పెద్ద క్యామ్, పైగా బ్లాక్ ఫేసింగ్. వాల్వ్‌కీ పిస్టన్‌కీ మధ్య దూరం చూడకుండా స్టార్ట్ చేయొద్దు. పాకెట్లలో మెత్తటి మట్టి, అదే పిల్లలు ఆడుకునేది, పెట్టి రెండు చుట్లు చేత్తో తిప్పి, విప్పి, పలచగా ఉన్నచోట కోసి కొలవండి. ఇన్‌టేక్ 2 మి.మీ., ఎగ్జాస్ట్ 2.5 మి.మీ. కంటే తగ్గకూడదు.

బోర్81న్నర
రేపే ఆర్డర్ పెడతాను. ఈలోగా బ్లాక్‌ని ఫేసింగ్‌కి ఇచ్చేయనా?

లేత్‌మాస్టారు
ఇవ్వొద్దు. పిస్టన్‌లు చేతికొచ్చాక నాలుగింటినీ వేసి, పిన్ నుంచి తల దాకా ఎత్తు ఎంత తేడా ఉందో చూసి, అప్పుడు ఎంత కోయాలో చెప్తే కోస్తారు. ఇప్పుడే 0.25 కోసేసి, వచ్చిన పిస్టన్ 0.1 పొడుగుంటే నీ స్క్విష్ 0.8 అవుతుంది. బ్లాక్ మీద కోసింది మళ్ళీ అతికించలేం. ఒక పిస్టన్ రాగానే దాన్ని కూడా బ్యూరెట్ చెప్పినట్టు బోర్‌లో దించి నింపి చూడు. బుడిపె పలకకి తగలకుండా లోతు 15 మి.మీ. తీసుకో. 78.25 సీసీకి 2.2 తక్కువ, అంటే 76 దగ్గర పట్టాలి.